అడ్డగాలి

బిలాస్‌పూర్–కట్నీ రైలుమార్గంలో కర్గీ రోడ్ అనే స్టేషనున్నది. ఆ పేరు స్టేషనుది మాత్రమే. ఊరి పేరు కోటా. ఒక వేసవి మధ్యాహ్నం నా భార్యను వెనుక కూర్చోబెట్టుకొని అక్కడినుండి స్కూటరుపై బిలాస్‌పూరుకు బయలుదేరాను.

ఊరు దాటగానే రెండువైపులా బీడువడిన వరిమళ్లు. కుడివైపునుండి గాలి బలంగా వీస్తున్నది. బండిని నాకు తెలియకుండానే గాలివైపు వాల్చి నడుపుతున్నాను. ఎదురుగా ఒక లారీ వచ్చింది. అది గాలిని మరుగుపరచిన క్షణంలో బండి లారీవైపే ఒరిగింది. దాటిపోగానే గాలి మళ్లీ విసురుగా కొట్టి మమ్మల్ని పక్కనున్న మట్టిలోకి నెట్టింది. పడలేదు. అయితే అది నా నేర్పు కాదు.

"మీ భుజాలు రాళ్లలా బిగుసుకుపోయాయి" అన్నదామె.

అదే అసలు తప్పు. బిగిసిన చేతులు గాలికి ఊగే శరీరపు ఊపునంతా హ్యాండిలుకు అందిస్తాయి. మోటారుసైకిలైతే టాంకును మోకాళ్లతో అదిమిపట్టి చేతులను తేలికగా ఉంచవచ్చును. స్కూటరుకు ఆ వసతి లేదు. మోటారుసైకిలు చక్రాలు సాధారణంగా 17, 18 అంగుళాలు. స్కూటరువి 10, 12. చిన్న చక్రం తిరుగుతూ ఇచ్చే నిలకడ తక్కువ. పైగా ఏటవాలుగా వచ్చే గాలికి కాళ్లముందరి వెడల్పాటి పలక తెరచాప అవుతుంది.

గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. కనుక అటువంటప్పుడు నిదానంగా పోవాలి, పట్టు సడలించాలి, లారీ కనబడగానే ఎడంగా జరగాలి.

ఇప్పటికీ గాలి లేచినప్పుడు వెనుకనుండి ఒక చేయి నా భుజంమీద పడుతుంది. మాట అక్కరలేదు, భుజం దానంతటదే సడలుతుంది.