గుర్రం కాళ్లకు ఈ కట్లెందుకు?

పెబ్బేరు శనివారం సంతలో ఎద్దును కొనేవాడు మెడలో గంటలు చూసి బేరమాడడు. నాలుగడుగులు నడిపించమంటాడు. వెనక నిలబడి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూస్తాడు. కాలు ఈడుస్తోందా, గిట్టకు గిట్ట తగులుతోందా, ఏ కాలి మీద బరువు మోపడానికి జంకుతోంది? ఇదంతా తేలాకే ధర మాట. అంత కన్నున్న వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మనుషులే సరదాకో, పెళ్లి బరాతు కిరాయికో గుర్రాన్ని కొన్నప్పుడు మాత్రం నడక చూడకముందే నాలుగు కాళ్లకూ రంగురంగుల బూట్లు తొడిగేస్తున్నారు. చదును నేల మీద కాసేపు దుల్కీ నడిపించడానికి కూడా! అడిగితే ఒకటే జవాబు: "ఉంటే మంచిదే కదా, కాలికి బలం."

ఇందులో రెండు మాటలున్నాయి. రెండూ తప్పే.

బలం సంగతి ముందు చూద్దాం. గుర్రానికి ముందుకాలి మోకాలి కింద కండ అంటూ దాదాపు లేదు. ఎముక, దాని వెనక మనవాళ్లు నరాలనే స్నాయువులు, పైన పలచటి తోలు. దౌడులో ఒక్క కాలి మీద ఒంటి బరువుకు రెట్టింపు మించిన భారం పడుతుంది. నాలుగు వందల కిలోల జంతువు మోపే ఆ భారాన్ని నియోప్రీన్ ముక్క, రెండు వెల్‌క్రో పట్టీలు మోస్తాయని నమ్మేవాళ్లు అమ్మేవాడి మాట విన్నారు గానీ గుర్రం కాలిని తడిమి చూడలేదు. బూటు చేయగలిగిన పని ఒక్కటే: ఒక కాలి గిట్ట ఇంకో కాలికి తగిలినప్పుడు ఆ దెబ్బను తాను తినడం.

ఇక "ఉంటే మంచిదే" అనేది. 1994లో విల్సన్, గుడ్‌షిప్ అనే పరిశోధకులు దౌడు తీసే గుర్రాల స్నాయువు లోపలి వేడిని కొలిస్తే 45 డిగ్రీల దాకా వెళ్లింది. దుల్కీలో అంత పుట్టదు, ఒప్పుకుంటాను. కానీ పుట్టినంతైనా గాలికి పోవాలి కదా! పాలమూరు ఎండల్లో బయటి గాలే 40 దాటుతుంటే, దాని మీద రబ్బరు పొర కప్పడం ఏ రకం రక్షణ? పైగా బూటు సందులో ఇసుక చేరుతుంది, చెమట చేరుతుంది, తోలు ఒరుసుకుపోతుంది. పట్టీ బిగిస్తే స్నాయువు మీద నొక్కుడు, వదులైతే జారి కాలికే అడ్డం.

ఈ నేలకు గుర్రం కొత్త కాదు. వనపర్తి సంస్థానపు సిద్దీల రిసాలా నిజాం కొలువుకు చేరాకే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు నిలిచింది. రిసాలాల్లోనూ పట్టీలు చుట్టేవారని వాదించేవాళ్లు పాత అశ్వదళాల ఫొటోలు మళ్లీ చూడాలి. పట్టీలు ఎక్కువగా కనిపించేది సవారు పిక్కల మీద.

చదును నేల సవారీకి పరాకాష్ఠ డ్రెస్సాజ్. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ నిబంధనల ప్రకారం ఆ పోటీ బరిలోకి గుర్రం బూట్లు, పట్టీలు లేకుండానే రావాలి. "బయట సాధనలో తొడుగుతారుగా" అంటారు. తొడుగుతారు, కారణముంది. అక్కడ గుర్రం పక్కకు జరుగుతూ కాలు మీదుగా కాలు వేస్తుంది, తగిలే ప్రమాదం ఎక్కువ. మన తోటలో గుండ్రంగా తిరిగే గుర్రానికి ఆ పని లేదు.

తగిలించుకునే గుర్రాలు ఉంటాయి, కాదనను. గిట్ట పై కీలు లోపలి వైపు వెంట్రుకలు రాలి, గీతలు పడి ఉంటే దానికి బ్రషింగ్ బూటు కావాలి: పలచనిది, తేలికది, లోపలి వైపు గట్టి పలక ఉన్నది. వెనక గిట్ట ముందుకాలి మడమను తొక్కుతుంటే బెల్ బూటు. పట్టీలు కాలికి బయటి వైపే రావాలి, లోపల ఒక వేలు దూరాలి, సవారీ అయిన వెంటనే విప్పాలి. లేత గుర్రానికీ, కొత్తగా నాడాలు కొట్టించిన గుర్రానికీ కొన్నాళ్లు జాగ్రత్త పడితే తప్పు లేదు.

అయితే అది ఎందుకు తగిలించుకుంటోందో ముందు అడగాలి. చాలాసార్లు కారణం పెరిగిపోయిన గిట్ట, లేదా వంకరగా కొట్టిన నాడా. ఎద్దుకు నాడాలు కొట్టేవాడినే పిలిచి గుర్రం కాలు చేతికివ్వడం మన దగ్గర మామూలైంది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దాని నాడా రెండు ముక్కలు. గుర్రానిది ఒకే గిట్ట, చెక్కే కోణం తప్పితే కాలి తీరే మారుతుంది. బూట్ల జతకు పెట్టే డబ్బు దాచి, ఆరేడు వారాలకోసారి పని తెలిసిన నాల్బందును హైదరాబాద్ నుంచైనా రప్పించండి. ఆ తర్వాత గుర్రాన్ని ఒట్టి కాళ్లతో నడిపించి, పెబ్బేరు సంతలో నిలబడ్డట్టే వెనక నిలబడి చూడండి. అప్పటికీ తగులుతుంటే బూట్లు కొనండి.