విషయసూచికకి హార్డ్‌కోడింగే మందు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి "హార్డ్‌కోడింగ్" అన్న మాట చెవిన పడితే చాలు, ఎక్కడో తప్పు జరిగిపోయిందనిపిస్తుంది. కాలేజీలో అలాగే నేర్పారు, ఉద్యోగంలో చేరాక రివ్యూల్లో అదే రుద్దారు. నేనూ కాదనను. కోడులో పాత్‌లు, పాస్‌వర్డులు నేరుగా రాసేసేవాళ్ళని చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ హార్డ్‌కోడింగే సరైన పని అయిన చోటు ఒకటుంది. ఒక వర్డ్ డాక్యుమెంటులోని విషయసూచికని, అదే మనం ఆఫీసులో టీఓసీ అనేదాన్ని, ఇంకో డాక్యుమెంటులో పెట్టాల్సి వచ్చినప్పుడు దాన్ని మామూలు అక్షరాలుగా మార్చే పెట్టాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

అసలు ఎవరికి కావాలండీ ఈ పని అంటారేమో. టెండరుకి జవాబు రాసిన వాళ్ళనడగండి. ప్రాజెక్టు అప్పగింతల్లో నలిగిన వాళ్ళనడగండి. డిజైన్ ఒక ఫైలు, టెస్ట్ ప్లాన్ ఒక ఫైలు, యూజర్ మాన్యువల్ ఇంకో ఫైలు. వీటన్నిటి ముందూ ఒక కవరింగ్ డాక్యుమెంటు. ఏ ఫైల్లో ఏముందో, ఎన్నో పేజీలో ఉందో అందులో చూపించాలి. ఆ జాబితా ఆల్రెడీ ఆయా ఫైళ్ళ మొదట్లోనే ఉంది కదా అని ఎవరైనా కాపీ కొట్టి పేస్ట్ చేస్తారు. చూడ్డానికి చక్కగా వస్తుంది. చుక్కల గీతలు, పేజీ నంబర్లు అన్నీ సరిగ్గానే ఉంటాయి.

తిరకాసు అక్కడే ఉంది. మీరు కాపీ చేసింది జాబితాని కాదు, జాబితాని తయారుచేసే యంత్రాన్ని.

నమ్మకపోతే ఆల్ట్+ఎఫ్9 కొట్టి చూడండి (ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ మీట కూడా నొక్కాల్సి రావచ్చు). జాబితా మొత్తం మాయమై, మీసాల బ్రాకెట్ల మధ్య టీఓసీ అన్న మాట, దాని పక్కన నాలుగైదు స్విచ్చులు మాత్రం మిగులుతాయి. "హెడింగ్ 1 నుంచి హెడింగ్ 3 దాకా ఉన్న శీర్షికలన్నీ ఏరుకురా" అని దాని అర్థం. మన భాషలో చెప్పాలంటే అదొక క్వెరీ. మనం రోజూ చూసే జాబితా ఆ క్వెరీ ఎప్పుడో ఒకసారి రన్ అయినప్పుడు వచ్చిన రిజల్ట్, అంటే క్యాష్. ఇంకా అనుమానముంటే డాక్స్ ఫైలుకి జిప్ అని పేరు మార్చి, లోపలున్న డాక్యుమెంట్ ఎక్స్ఎంఎల్ తెరవండి. ముందు ఆజ్ఞ, తర్వాత ఒక సెపరేటరు, ఆ తర్వాత పాత రిజల్టు, మూడూ వరసగా కనిపిస్తాయి. మీరడిగేదాకా వర్డ్ ఆ క్వెరీని మళ్ళీ రన్ చెయ్యదు. పేస్ట్ చేసిన కాసేపూ అంతా బాగున్నట్టే కనిపించడానికి కారణమిదే.

ఆ క్వెరీలో ఫైలు పేరు ఎక్కడా ఉండదని గమనించండి. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి శీర్షికలే ఏరుతుంది. కొత్త డాక్యుమెంటులో ఎవరో ఎఫ్9 కొట్టి "జాబితా మొత్తం అప్‌డేట్ చెయ్యి" అన్నారనుకోండి, పాత జాబితా తుడిచిపెట్టుకుపోయి ఈ డాక్యుమెంటు శీర్షికలు వచ్చి కూర్చుంటాయి. ఇక్కడ శీర్షికలకి హెడింగ్ స్టైల్ వాడకుండా ఉత్తినే బోల్డ్ చేసి సైజు పెంచి ఉంటే (మనలో చాలామంది చేసేదదే!) విషయసూచికకి ఎంట్రీలే దొరకలేదని ఎర్రర్ వస్తుంది. పోనీ జాగ్రత్తగా "పేజీ నంబర్లు మాత్రమే" అన్నారా, ప్రతి వరసా చివరనున్న నంబరు కూడా ఇంకో ఫీల్డే. పాత ఫైల్లో ఆ శీర్షిక దగ్గర దాక్కుని ఉన్న బుక్‌మార్క్ కోసం అది వెతుకుతుంది. ఆ బుక్‌మార్క్ అక్కడే ఉండిపోయింది కాబట్టి నంబరు స్థానంలో "ఎర్రర్! బుక్‌మార్క్ నాట్ డిఫైన్డ్" అని బోల్డ్ అక్షరాల్లో వస్తుంది. వరసకొకటి చొప్పున.

ఇదంతా థియరీ కాదు. నేను పాత కంపెనీలో ఉన్నప్పుడు, ఇలాంటి కవరింగ్ డాక్యుమెంటు తయారుచేసే పని మా టీములో కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించారు. బుర్ర ఉన్న పిల్ల. ఐదు ఫైళ్ళ విషయసూచికలూ తెచ్చి, మామూలు అక్షరాలుగా మార్చి, ఒక్కోదాని మీద ఆ ఫైలు వెర్షన్ నంబరు కూడా రాసి పెట్టింది. రివ్యూ చేసినాయన చూసి "ఏంటమ్మా ఇది, హార్డ్‌కోడ్ చేశావా?" అన్నాడు. చెక్‌లిస్టులో "విషయసూచిక ఆటోమేటిక్‌గా తయారైనదై ఉండవలెను" అని ఒక లైనుంది మరి. ఆ లైను ఎదురుగా ఇంటు పెట్టి వెనక్కి పంపాడు. ఈ పద్ధతే కరెక్టని ఆ అమ్మాయి మెయిల్లో వివరంగా రాసింది. నేనూ వెళ్ళి చెప్పి చూశాను. "ప్రాసెస్ ఈజ్ ప్రాసెస్" అన్నాడు. చేసేదిలేక ఫీల్డులతో సహా మళ్ళీ పేస్ట్ చేసింది. అదే చెక్‌లిస్టులో చివరి లైను, పంపేముందు కంట్రోల్+ఏ, ఎఫ్9 కొట్టమని. రాత్రి ఎవరో నిష్ఠగా కొట్టారు, అడిగిన ప్రతిసారీ "మొత్తం" అనే అన్నారు. ఐదు అనుబంధాల కిందా కవరింగ్ డాక్యుమెంటు సొంత విషయసూచికే ఐదుసార్లు అచ్చయి క్లయింటుకి వెళ్ళింది.

మర్నాడు క్లయింటు ఫోను. తర్వాత మీటింగు. ఆర్నెల్ల తర్వాత ఆ అమ్మాయి అప్రైజల్లో "డాక్యుమెంటేషన్‌లో శ్రద్ధ లేదు" అని ఒక వాక్యం. రివ్యూ చేసినాయన అప్రైజల్లో ఏముందో నాకు తెలీదు, ప్రమోషన్ మాత్రం వచ్చింది :)

ఆ చెక్‌లిస్టు లైను రాసినవాళ్ళది తప్పని నేననను. ఒక డాక్యుమెంటు సొంత విషయసూచికని చేత్తో టైపు చెయ్యడం, చుక్కలు కొట్టుకుంటూ పోవడం నిజంగా దరిద్రమే. రెండు పేరాలు పెరిగితే నంబర్లన్నీ అబద్ధాలవుతాయి. అక్కడ ఫీల్డే ఉండాలి. కానీ పక్క ఫైలు విషయసూచిక ఇక్కడికొస్తే అది సూచిక కాదు, సమాచారం. "వెర్షన్ 1.2 డిజైన్ డాక్యుమెంటులో ఫలానా తేదీకి ఇవీ ఉన్నవి" అని చెప్పే సాక్ష్యం. రేపు అసలు ఫైలు మారితే ఇది పాతబడిపోదా అంటారు. పాతబడాలి! బ్యాంకు పాస్‌బుక్కులో పోయిన నెల ఎంట్రీ ఈ నెల బ్యాలెన్సుని బట్టి తనంతట తాను మారిపోతే మీకు సమ్మతమేనా?

పద్ధతి చాలా తేలిక. కొత్త డాక్యుమెంటులో పేస్ట్ చేశాక ఆ జాబితాని మాత్రమే సెలెక్ట్ చేసి కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 కొట్టండి. ఫీల్డు పోయి అక్షరాలు మిగులుతాయి, చుక్కల గీతలు అలాగే ఉంటాయి. లింకుల నీలం రంగు మిగిలితే కంట్రోల్+స్పేస్ కొట్టండి. ఆల్ట్+ఎఫ్9 తో ఒకసారి సరిచూసుకోండి, ఇంకా మీసాల బ్రాకెట్లు కనిపిస్తే మళ్ళీ కొట్టండి. కంట్రోల్+ఏ చేసి మాత్రం కొట్టకండి, డాక్యుమెంటు సొంత విషయసూచిక కూడా చచ్చూరుకుంటుంది. అసలు ఫైల్లో అయితే అసలే వద్దు. పేస్ట్ స్పెషల్‌లో అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్ అన్నా పనవుతుంది గానీ, చుక్కల గీతలు పోయి అమరిక మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది. పైన వెర్షను, తేదీ రాయడం మరువకండి, అది లేకపోతే పాస్‌బుక్కులో తేదీ లేని ఎంట్రీలాగే ఉంటుంది.

లేదు, మాకు లైవ్‌గానే కావాలి అనేవాళ్ళకి వర్డ్‌లోనే ఆర్‌డీ అని ఒక ఫీల్డుంది. ఫలానా ఫైళ్ళలోని శీర్షికలు కూడా కలుపుకో అని విషయసూచికకి చెప్పడం దాని పని. క్వెరీలో ఫైలు పేరు లేదన్న లోటు అక్కడ తీరుతుంది. అయితే పేజీ నంబర్లు వరసగా రావాలంటే ఒక్కో ఫైల్లో మొదటి నంబరు మనమే చేత్తో పెట్టుకోవాలి, ఫైలు ఇంకో ఫోల్డరుకి మారితే లింకు తెగే ప్రమాదముంది. డెలివరీ ముందురాత్రి కొత్తగా మొదలుపెట్టాల్సిన పని మాత్రం కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో ఉంది. పాత కంపెనీ చెక్‌లిస్టు మొన్నొక స్నేహితుడి దగ్గర చూశాను. టెంప్లేటు రంగు మార్చారు, లోగో మార్చారు, విషయసూచిక లైను మాత్రం అక్షరం మారలేదు. దాని చివర "తన సొంత డాక్యుమెంటుదైతే" అని మూడు ముక్కలు చేర్చమని అతనికి చెప్పాను. చేంజ్ రిక్వెస్టు పెట్టాలట, క్వాలిటీ వాళ్ళు అప్రూవ్ చెయ్యాలట.