పుట్టింట్లో ఖర్చేముంటుంది?

"పుట్టింటికి వచ్చేశావుగా, ఇంకేం ఖర్చు? జీతమంతా మిగులే!" అని ఈ ఏడాదిలో కనీసం పాతికమంది అని ఉంటారు నాతో. చుట్టాలు, అపార్ట్‌మెంట్ ఆంటీలు సరే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ షీట్లతో బతికే మా టీమ్ వాళ్ళు కూడా అదే మాట. నేనూ, మూడేళ్ళ మా పాప బెంగుళూరు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మానాన్నల దగ్గరకి వచ్చేసి ఏడాది దాటింది. ఎందుకు వచ్చామన్నది వేరే కథ, అది ఇక్కడ అనవసరం. డబ్బు లెక్క మాత్రం చెప్తాను. నాకు తెలిసిన ఐటీ వాళ్ళలోనే ఇలా ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళు నలుగురున్నారు. అందరం రిలీజ్ డేట్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ దీని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. పుట్టింటికి వస్తే ఖర్చు పోదు, మన ఖాతాలోంచి అమ్మ ఖాతాలోకి వెళ్తుంది, అంతే. షీట్‌లో కనపడట్లేదు కదా అని అది లేనట్టు కాదు.

ఎలాగంటారా? నేను పొద్దున్న ఎనిమిదికి బయల్దేరితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. వారానికి అరవై గంటలు. పాప ప్లే స్కూల్లో ఉండేది రోజుకి మూడు గంటలు, అవి తీసేస్తే 45. అమెరికా వాళ్ళతో వారంలో రెండు రాత్రులు కాల్స్, ఒక్కోటి రెండు గంటలు. అప్పుడు పాపని నిద్రపుచ్చేదీ అమ్మే. మొత్తం 49 గంటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడి చేత వారానికి 48 గంటలకి మించి మామూలు పని చేయించకూడదని గీత గీసింది. మా అమ్మ, 58 ఏళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఆ గీత దాటేసింది. వంట, ఇంటి పని దీంట్లో కలపలేదు సుమా. క్యాజువల్ లీవు లేదు, సిక్ లీవు అసలే లేదు. హైటెక్ సిటీ జనరేటర్ల మీద నడుస్తుందనుకుంటాం గానీ సగం అమ్మమ్మల మీద నడుస్తోంది :)

అందుకని నా షీట్‌లో మొదటి వరస అమ్మ గంటలు. అమ్మకి జీతం ఇస్తానన్నానని కాదు, అలా అంటే ఇంట్లో పెద్ద గొడవే అవుతుంది. "మాకు డబ్బులిస్తావా, పరాయిదానివయ్యావా?" అని నాన్న ఒకసారి అననే అన్నారు. చేతికిస్తే తీసుకోరు కాబట్టి చేతికివ్వడం మానేశాను. సరుకులు, కరెంటు బిల్లు, గ్యాసు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నా ఖాతాలోంచి కట్ అవుతాయి, నెలకి ఇరవై వేలు. పగలు అమ్మకి సాయంగా ఆయా, తొమ్మిది వేలు. బిల్లు కట్టేశాక దాని మీద ఎవరూ పోట్లాడరు.

ప్రయాణానిదీ ఇదే లెక్క. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. "జీరో టికెట్ ఉండగా మెట్రోకి డబ్బులెందుకు తగలేస్తావ్?" అంటారు. కోఠి దాకా ఒక బస్సు, అక్కడ 127కె పట్టుకుని కొండాపూర్ వైపు వెళ్ళొచ్చు, నిజమే. కానీ ట్రాఫిక్‌లో అది మెట్రో కంటే చాలా ఎక్కువసేపు. నేను బస్సులో కూర్చున్న ప్రతి అరగంటా అమ్మ పాప వెనకాల పరిగెత్తే అరగంట. మెట్రోలో అమీర్‌పేటలో మారి వెళ్తూ, ఆ టికెట్ డబ్బులతో నేను కొంటున్నది అమ్మ సమయం.

రెండో వరస, లేని జీతం. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతే ఇంకొకరిది ఉంటుంది. మాకు ఒక్కటే. 2025 జూలైలో టీసీఎస్ లాంటి కంపెనీయే రెండు శాతం మందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించాక, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే చాలన్న పాత సూత్రం మనలాంటి వాళ్ళకి సరిపోదు. నేను ఏడాది ఖర్చు అనుకున్నాను, నెలకి ఇరవై వేలు దానికే. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది, కాబట్టి అమ్మానాన్నలకి, పాపకి విడిగా పాలసీ తీసుకున్నాను. టర్మ్ పాలసీలో పాపని నామినీగా పెడితే మైనర్ కాబట్టి అపాయింటీ పేరు కూడా రాయాలి. ఆ గడిలో పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. అయినా రాయాలి.

మూడో వరస, నాన్న వాటా. పాప వాళ్ళ నాన్న వాటా అన్నమాట. "నువ్వు లక్ష సంపాదిస్తూ అతని డబ్బులెందుకు? ఆత్మాభిమానం లేదా?" అనేవాళ్ళు మనలో చాలామంది. దీంట్లో ఆత్మాభిమానం ప్రశ్నే లేదు. ఆ డబ్బు నాది కాదు, పాపది. పాప హక్కుని నా పౌరుషం కోసం వదిలేసే అధికారం నాకెక్కడిది? 2020 నవంబర్‌లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో పెట్టాలి. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లికి కూడా తగినంత సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చు. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్క. అంటే పాప ఖర్చుల షీట్ ఇప్పట్నుంచే నెలనెలా రాసుకుంటే రేపు కోర్టులోనూ అదే పనికొస్తుంది. కాకపోతే ఒక జాగ్రత్త. ఆ డబ్బు వస్తుందన్న లెక్కతో నెల ఖర్చులు ప్లాన్ చేసుకోకూడదు. వచ్చిన నెల నేరుగా పాప ఖాతాలోకి, రాని నెల ఏమీ ఆగకూడదు.

నాలుగో వరస గురించి మా ఇంట్లో ఇంకా ఎవరికీ గట్టిగా చెప్పలేదు. అదే మళ్ళీ బయటికి వెళ్ళే ఖర్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టంతో తెలుగు ఆడపిల్లలకి 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది (అప్పటికే పెళ్ళయినవాళ్ళకి తప్ప), దేశమంతటికీ అది వచ్చేసరికి 2005. గర్వపడాల్సిన విషయమే. కానీ నాన్న సొంత జీతంతో కొనుక్కున్న ఫ్లాట్‌కి అది వర్తించదు. అది ఆయనది, ఎవరికి ఇవ్వాలన్నది ఆయన ఇష్టం. తమ్ముడికి రేపు పెళ్ళవుతుంది, ఉన్నవి రెండు బెడ్‌రూములు. ఎవరూ వెళ్ళమనరు. వెళ్ళమనే రోజు దాకా ఆగడం మాత్రం నాకిష్టం లేదు. రెండేళ్ళ గడువు పెట్టుకుని, అదే వీధిలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకునేలా అడ్వాన్సు కూడబెడుతున్నాను. అమ్మమ్మ దగ్గరకి నడిచి వెళ్ళేంత దగ్గర, ఎవరి గది వాళ్ళకి ఉండేంత దూరం.

ఇంత లెక్క వేశాక కంపెనీల వైపు చూస్తే ఒళ్ళు మండుతుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థకీ క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇది ఉంది. విడిగా పెట్టలేకపోతే ఉమ్మడిగా పెట్టుకోవచ్చని కూడా చట్టమే చెప్తోంది. ఒక్కో ప్రాంగణంలో పదేసి కంపెనీలున్న మన కారిడార్‌కి ఇంతకంటే సులువైన పనేముంది? ఫుడ్ కోర్టు కలిసి నడుపుకుంటున్నారు, పార్కింగ్ కలిసి వాడుకుంటున్నారు, క్రెష్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం "డిమాండ్ లేదండీ" అంటారు. మా హెచ్ఆర్ నాతో అన్న మాట కూడా అదే. డిమాండ్ ఎందుకు కనపడుతుంది, మా అమ్మలు 49 గంటలు ఉచితంగా చేస్తుంటే?

కాబట్టి పుట్టింటికి రావద్దని నేననను. వచ్చినందుకు మా పాపకి తాతయ్య భుజాలు దొరికాయి, నాకు రాత్రి పూట నిద్ర దొరికింది. వీటికి వెల కట్టలేను, కట్టను. వెల కట్టగలిగినవి మాత్రం రాసి పెట్టుకుందాం. ఆయా, బిల్లులు, పాలసీలు, పాప వాటా, రేపటి అద్దె.. ఇవన్నీ రాశాక నా జీతంలో మిగిలేది, అందరూ అనుకునే దాంట్లో పదో వంతు.

మీలో ఎవరైనా ఇలాంటి లెక్క వేసుకుని ఉంటే, నేను వదిలేసిన వరసలేవైనా ఉంటే చెప్పండి. అలాగే మీ ఆఫీసులో నిజంగా నడిచే క్రెష్ ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, మా హెచ్ఆర్‌కి చూపిస్తాను.