రేడియోకు కంప్యూటరు తోడు: పల్లె బడికీ అందాలి

రెడ్డిగూడెం: చేతిలో సెల్‌ఫోను వుండగా హామ్ రేడియో దేనికని అడిగేవారు 2014 అక్టోబరు 12ను గుర్తుచేసుకోవాలి. ఆనాడు హుద్‌హుద్ తుపానుకు విశాఖలో కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. హామ్ ఆపరేటర్ల సెట్లు అక్కరకు వచ్చాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు పుట్టింది మన పొరుగున వున్న మైలవరం కొండల్లోనే. కనుక ఈ ముందుచూపు కోస్తాకే పరిమితం కారాదు.

హామ్ రేడియో అంటే ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా నడిపే సొంత వైర్‌లెస్ స్టేషను. వెనుక ఆపరేటరు బిరడా తిప్పుతూ, చెవి ఒగ్గి స్టేషను పట్టుకునేవాడు. నేడు సెట్టుకూ కంప్యూటరుకూ ఒక తీగ కలిపితే చాలు. ఫ్రీక్వెన్సీ మార్చడం, మాట్లాడినవారి వివరాలు నమోదు చేయడం కంప్యూటరే చూసుకుంటుంది. ఇందుకు తోడ్పడే ‘హామ్‌లిబ్’ వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగానే లభిస్తోంది.

దీని విలువ ఉపగ్రహాల విషయంలో బాగా తెలుస్తుంది. 2005 మే 5న శ్రీహరికోట నుండి హామ్‌ల కోసం ఇస్రో ‘హామ్‌శాట్’ను ప్రయోగించింది. అది 2014 వరకు పనిచేసింది. ఎదురొచ్చే లారీ హారను దాటిపోగానే స్వరం మారినట్లు, ఇటువంటి ఉపగ్రహం దూసుకుపోతుంటే దాని ఫ్రీక్వెన్సీ కూడా జరుగుతుంది. అది నెత్తిమీద వుండేది పది పదిహేను నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో క్షణక్షణమూ లెక్కగట్టి సెట్టును సరిచేయడం కంప్యూటరుకు సులువు.

ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం ఇంతకన్నా బాగా బోధపడే మార్గమేది? 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వంటివారి సలహాతో, లైసెన్సు గలవారి పర్యవేక్షణలో మండలానికొక క్లబ్బు నెలకొల్పే విషయం విద్యాశాఖ ఆలోచించాలి. దాతలు పూనుకుంటే సెట్టు సమకూర్చుకోవడం అసాధ్యం కాదు.

అయితే ఒక హెచ్చరిక. కరెంటు లేనప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీపై సెట్టు నడుస్తుంది గాని, కంప్యూటరు ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. అందువల్ల పిల్లలకు ముందు చేత్తో ట్యూన్ చేయడం నేర్పి, పిమ్మట కంప్యూటరు అప్పగించాలి. వరద వచ్చాక లైసెన్సు పరీక్షకు చదవడం కుదరదు. అధికారులు, ఉపాధ్యాయులు ఇప్పుడే పూనుకోవాలి.