రాక్షసుడికీ జాబ్ డిస్క్రిప్షన్ ఉంటుంది

ముప్పై ఏళ్లుగా ‘డూమ్’ గేమ్‌లో భూతాల రూపం మారుతూ వచ్చింది. గేమింగ్ కొలువు కోరుకునే మన కడప జిల్లా విద్యార్థులకు అందులో ఓ పాఠం ఉంది.

గేమింగ్‌లో ఉద్యోగం అనగానే ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగు, పులివెందుల్లోనైనా కాలేజీ కుర్రాళ్ల నోట రెండే మాటలు వినిపిస్తాయి. ‘అవన్నీ మనలాంటోళ్లకు కాదులే’ అనేది ఒకటి. ‘సిటీలో కోర్సుందంట, లక్షల్లో ఫీజు కడితే ఉద్యోగం వాళ్లే చూపిస్తారంట’ అనేది రెండోది. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: గేమ్ ఆర్ట్ అంటే ఖరీదైన కంప్యూటర్, ఖరీదైన సాఫ్ట్‌వేర్. నేనైతే కాదంటాను. దానికి ముందు కావాల్సింది ఆలోచన. ఊరికే చెబితే నమ్మరు కాబట్టి ఓ పాత షూటర్ గేమ్‌ను సాక్ష్యానికి తెస్తున్నా. దాని పేరు డూమ్.

ఫోన్‌లో ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడేవాళ్లకు ఇది తాతలాంటి గేమ్. అమెరికాలో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న బృందం 1993 డిసెంబరు 10న విడుదల చేసింది. అంగారక గ్రహపు ఉపగ్రహాల మీద నరకానికి దారి తెరుచుకుంటుంది. భూతాలు బయటికొస్తాయి. ఒక్క సైనికుడు వాటిని ఎదుర్కొంటాడు. కథ అంతే! ఆ తర్వాత 1994, 2004, 2016, 2020, 2025ల్లో వచ్చిన గేముల్లో ఆ భూతాలే కొత్త ఒంటితో మళ్లీ మళ్లీ వచ్చాయి. ఏం మారింది, ఏం మారలేదు అని గమనిస్తే డిజైన్ అంటే ఏమిటో అర్థమవుతుంది.

మట్టిబొమ్మతో మొదలు

మొదటి డూమ్‌లో కొన్ని భూతాలను చేత్తో గీశారు. మరికొన్నింటికి ఏడ్రియన్ కార్మాక్ అనే ఆర్టిస్టు మట్టితో బొమ్మలు చేశాడు. వాటిని తిప్పుతూ వీడియో కెమెరాతో తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో చుక్కా సరిదిద్దారు. భూతం ఎటు తిరిగినా కనబడాలి కాబట్టి ఒక్కోదానికి ఎనిమిది వైపుల నుంచి బొమ్మలు కావాలి. తుపాకుల కోసం ఆట తుపాకులనే కొనితెచ్చి ఫొటోలు తీశారు. గ్రెగర్ పంచాట్జ్ అనే శిల్పి లోపల లోహపు కీళ్లున్న బొమ్మలు చేసిచ్చాడు. ప్రపంచాన్ని ఊపేసిన గేమ్ తయారైంది ఇలా.

అప్పటి తెర ఎంతనుకున్నారు? అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. రంగులు 256. దూరంగా ఉన్న భూతం తెర మీద గోరంత కూడా ఉండదు. కళ్లు, పళ్లు, గోళ్లు ఏవీ కనబడవు. అయినా ఆటగాడు అరక్షణంలో దాన్ని గుర్తుపట్టాలి. ఏ తుపాకీ తియ్యాలో తేల్చుకోవాలి. అందుకే ఆ ఆర్టిస్టులు ఆకారం, రంగు, కదలిక అనే మూడింటి మీదే ఆధారపడ్డారు. గోధుమరంగులో మనిషంత ఎత్తుంటే ఇంప్, నిప్పుముద్ద విసురుతుంది. గులాబీ రంగులో బలిసిన దున్నలా పరుగెత్తుకొస్తే పింకీ, దగ్గరికొచ్చి కరుస్తుంది. గాల్లో ఎర్రటి బంతి ఒంటికన్నుతో తేలుతుంటే కాకోడీమన్. ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. రూపమే చెప్పేస్తుంది.

నా ఉద్దేశంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. వీటిలో ప్రతిదానికీ ఓ జాబ్ డిస్క్రిప్షన్ ఉంది. ఇంప్ దూరం నుంచి మిమ్మల్ని కదిలించాలి. పింకీ మిమ్మల్ని మూలకు నెట్టాలి. కాకోడీమన్ మీ చూపును పైకి లాగాలి. ముందు ఉద్యోగం, ఆ తర్వాతే ఒళ్లు.

తక్కువ ఖర్చులో కొత్త భూతాలు

1994లో డూమ్ 2 వచ్చింది. అందులోని హెల్ నైట్‌ను చూస్తే నవ్వొస్తుంది. పాత బారన్ ఆఫ్ హెల్‌కే రంగు మార్చి, ప్రాణశక్తిని 1000 నుంచి 500కు తగ్గించారు. అంతే, కొత్త భూతం రెడీ. బద్ధకం అనుకోకండి. మధ్యస్థంగా బలమున్న శత్రువు ఒకటి కావాల్సి వచ్చింది, ఆ ఖాళీని చేతిలో ఉన్న సరుకుతో నింపారు. మొదటి గేమ్ చివర్లో వచ్చే స్పైడర్ మాస్టర్‌మైండ్ పోలికతోనే చిన్న అరాక్నోట్రాన్‌ను తెచ్చారు. అదే గేమ్‌లో ఆర్క్‌వైల్ కూడా వచ్చింది. మీరు చంపిన భూతాలను అది మళ్లీ లేపుతుంది. దాంతో ‘ముందు ఎవర్ని కొట్టాలి’ అన్న లెక్కే మారిపోయింది. కొత్తదనం బొమ్మలోనే ఉండాలని లేదు, పనిలోనూ ఉండొచ్చు.

నునుపు పెరిగి గుర్తు తగ్గింది

2004లో డూమ్ 3 వచ్చేసరికి టెక్నాలజీ మారిపోయింది. చుక్కల బొమ్మలు పోయి 3డీ మోడళ్లు వచ్చాయి. ఎంతో వివరంగా చెక్కిన మోడల్‌లోని ముడతలు, నరాలను తేలికపాటి మోడల్ మీద కనబడేలా చేసే నార్మల్ మ్యాపింగ్ పద్ధతిని ఆ గేమ్ బాగా వాడుకుంది. చీకటి గదులు, టార్చి పట్టుకుంటే తుపాకీ పట్టుకోలేని పరిస్థితి... భయపెట్టడమే దాని లక్ష్యం. అందుకు తగ్గట్టే భూతాలు పాలిపోయాయి. పింకీ వెనక కాళ్లు యంత్రాలయ్యాయి. ఇంప్‌కు ముఖం నిండా కళ్లొచ్చాయి.

ఆ రోజుల్లో చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు, నిజమే. కానీ ఇప్పుడు రెండు గేముల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1993 భూతాలను నల్లటి నీడలుగా మార్చినా పేరు చెప్పొచ్చు. 2004 వాటిలో చాలావరకు గోధుమ, బూడిద రంగుల్లో కలిసిపోతాయి. భయం కోసం పెట్టిన చీకటి గుర్తింపును మింగేసింది. అది తప్పని అనను, ఆ గేమ్‌కు కావాల్సింది అదే. అయితే తర్వాతి గేముల్లో ఆ రూపాలు పెద్దగా నిలవలేదన్నది మాత్రం గమనించాలి.

2008లో ప్రకటించిన డూమ్ 4దీ అదే పాఠం. ఏళ్ల తరబడి చేసిన పనిని కంపెనీ పక్కన పడేసి మొదటికొచ్చింది. ఆ కాలపు యుద్ధం గేముల్లా ఉందే తప్ప డూమ్‌లా లేదని వాళ్లకే అనిపించింది.

మళ్లీ పాత ముఖాలు

2016లో వచ్చిన డూమ్, 2020 నాటి డూమ్ ఎటర్నల్ ఈ లెక్క సరిచేశాయి. రెండింటికీ క్రియేటివ్ డైరెక్టర్ హ్యూగో మార్టిన్. 2016 గేమ్‌లో దెబ్బతిని తూలుతున్న భూతం మెరుస్తుంది. ‘ఇప్పుడు దగ్గరికి రా’ అని దానర్థం. దగ్గరికెళ్లి చంపితే మీకు ప్రాణశక్తి దొరుకుతుంది. అంటే భూతమే మీ మందుల అంగడి! ఎటర్నల్‌లో ఇంకో మెట్టెక్కి, శరీరంలో విరిగే భాగాలు పెట్టారు. మాంక్యుబస్ చేతి ఫిరంగులు, రెవెనెంట్ భుజాల మీది తుపాకులు, అరాక్నోట్రాన్ తోక మీది తుపాకీ... వాటిని పగలగొడితే సగం బలం పోతుంది. కాకోడీమన్ నోరు తెరిచినప్పుడు గ్రెనేడ్ వేస్తే మింగేసి తూలుతుంది. ఆ నోరు 1993 నుంచీ ఉంది. దానికి ఇన్నేళ్లకు కొత్త పని దొరికింది.

ఇంకో సంగతి. కంప్యూటర్ల బలం వందల రెట్లు పెరిగాక కూడా ఎటర్నల్ ఆర్టిస్టులు భూతాల రూపాన్ని 1990ల నాటి బొమ్మలకే దగ్గరగా తెచ్చారు. 2025 మే నెలలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్‌లో మధ్యయుగపు కవచాలు తొడిగినా, సమాచారం మాత్రం రంగులోనే ఉంది. ఆకుపచ్చగా వచ్చే దెబ్బను డాలుతో తిప్పికొట్టొచ్చు. మారిందల్లా చర్మం. మారనిది పని.

మనకు రాని విద్యేం కాదు

ఇదేదో అమెరికా వాళ్ల తెలివనుకోవద్దు. విజయనగర కాలపు గుడి మండపాల్లో స్తంభాల మీద యాళిని చూసుంటారు. సింహం ఒళ్లు, ఒక్కోచోట ఏనుగు తొండం. తెలిసిన జంతువుల భాగాలు కలిపి తెలియని మృగాన్ని పుట్టించారు. మేక కాళ్లకు రాకెట్ లాంచర్ చెయ్యి తగిలించిన సైబర్‌డీమన్ వెనకున్నదీ ఆ సూత్రమే. జమ్మలమడుగు పిల్లలు గండికోటకు రీల్స్ కోసం వెళ్తుంటారు కదా. ఈసారి మాధవరాయ ఆలయంలో ఓ గంట కూర్చుని, స్తంభాల మీది శిల్పాలను స్కెచ్‌బుక్‌లో గీసి చూడండి.

తోలుబొమ్మలు ఇంకా దగ్గరి ఉదాహరణ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులకు ఆ విద్య తరతరాలుగా ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. దీపం వెలుగులో, తెర వెనక నుంచి, దూరంగా కూర్చున్న జనానికి రావణుడెవరో, హనుమంతుడెవరో క్షణంలో తెలియాలి. ఆకారం, రంగు, కదలిక. 320 చుక్కల తెర మీద డూమ్ ఆర్టిస్టులకు ఎదురైన సమస్య ఇదే కదా!

మరి మీరేం చెయ్యాలి?

పోర్ట్‌ఫోలియోలో ఇరవై రాక్షసుల బొమ్మలు పెట్టకండి. ఒక్కటి చాలు. అది ఏం చేస్తుంది, ఆటగాడిని ఏం చేయిస్తుంది, ఎలా ఓడిపోతుంది అన్నది మూడు వాక్యాల్లో రాయండి. తర్వాత దాన్ని నల్ల నీడగా గీయండి. మీ జతగాళ్లకు చూపించి ‘ఇది ఏం చేస్తుందనుకుంటున్నావ్?’ అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ గీయండి. నీడ కుదిరాకే రంగు, ఆ తర్వాతే 3డీ. గీయడానికి క్రిటా, మోడలింగ్‌కు బ్లెండర్ ఉన్నాయి. రెండూ ఉచితమే. పాడైన డిజైన్లను చించేయొద్దు. ఎందుకు మార్చారో పక్కన రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చూపాల్సిన సరుకు అదే. ఏఐకి చెబితే నిమిషంలో భయంకరమైన బొమ్మ ఇస్తుంది. ‘ఈ కొమ్ము ఎందుకు పెట్టావ్?’ అని అడిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే.

బొమ్మలు రావంటారా? బీటెక్ సీఎస్‌ఈ వాళ్లకు ఇంకో దారుంది. డూమ్ సోర్స్ కోడ్‌ను 1997లోనే బయటపెట్టారు. సీ భాషలో ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. అందులో ప్రతి భూతం ఓ పట్టికలో ఉంటుంది. ఇంప్ ప్రాణశక్తి 60, సైబర్‌డీమన్‌ది 4000. దెబ్బ తగిలితే ఉలిక్కిపడే అవకాశం ఇంప్‌కు 256లో 200 వంతులు, సైబర్‌డీమన్‌కు 20. అదరని బెదరని ఆ స్వభావమంతా ఓ అంకెలో ఉంది. భూతం ఎప్పుడు చూస్తుంది, ఎప్పుడు వెంటాడుతుంది, ఎప్పుడు దాడి చేస్తుందనేది క్లాసులో చెప్పే స్టేట్ మెషీనే. ఆ అంకెలు మార్చి ఆడి చూడండి. అసలు గేమ్ బొమ్మలకు కాపీరైట్ ఉంది కాబట్టి ఫ్రీడూమ్ అనే స్వేచ్ఛా ప్రాజెక్టును వాడుకోండి. మంచి బొమ్మ, మంచి లెవెల్ చేసినవాళ్లు ఎవరైనా దానికి పంపొచ్చు.

ఇక్కడ కాలేజీలకూ ఓ మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కొచ్చి, వైవా రోజున ఒప్పజెప్పే పద్ధతి మన దగ్గర ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. నలుగురు కలిసి ఒక్క శత్రువును డిజైన్ చేసి, కోడ్ రాసి, పదిమందితో ఆడించి, వచ్చిన మార్పులు రాస్తే దాన్ని ప్రాజెక్టుగా ఎందుకు ఒప్పుకోకూడదు? పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనైనా, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా దీనికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు. ఉన్న కంప్యూటర్లు చాలు. బొమ్మల వైపు కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇక్కడ కోడ్ రాసేవాళ్లు, అక్కడ గీసేవాళ్లు ఒక్క సెమిస్టర్ కలిసి పనిచేస్తే ఇద్దరికీ లాభమే.

ఆశ పెట్టుకోండి, అప్పు చేయొద్దు

ఈ రంగంలో కొలువులు కుప్పలుగా ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. బెంగళూరు, హైదరాబాద్, పుణెల్లో స్టూడియోలున్నాయి. విదేశీ గేములకు మోడళ్లు, యానిమేషన్, టెస్టింగ్ పనులు మన దేశంలో జరుగుతున్నాయి. 1997లో బెంగళూరులో పుట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ 2019లో రాక్‌స్టార్ చేతికి వెళ్లేంతగా ఎదిగింది. అదే బెంగళూరులో 2025లో టెక్నికలర్ కుప్పకూలినప్పుడు అనుభవమున్న ఆర్టిస్టులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. రెండూ నిజాలే. అందుకే ఇంట్లో బంగారం కుదువ పెట్టి కోర్సులో చేరే ముందు ఆర్నెల్లు పైన చెప్పిన పని చేసి చూడండి. ఆ ఆర్నెల్లలో ఒక్క భూతాన్ని కూడా పూర్తి చేయలేకపోతే, లక్షలు కట్టినా పూర్తి చేస్తారన్న భరోసా లేదు. పూర్తి చేస్తే, ఆ కోర్సులో మీకు ఏం నేర్పాలో మీరే అడగగలుగుతారు.

నేర్చుకున్నది వృథా కూడా కాదు. 3డీ మోడలింగ్ నగల డిజైన్‌కూ పనికొస్తుంది, బంగారు అంగళ్ల ప్రొద్దుటూరుకు ఆ మాట వేరే చెప్పాలా? స్టేట్ మెషీన్ రాసిన చెయ్యి ఏ సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలోనూ వణకదు.

డూమ్ భూతాల్లో ముప్పై ఏళ్లు నిలిచినవన్నీ తమ పనేమిటో స్పష్టంగా చెప్పగలిగినవే. రెజ్యూమె కూడా అంతే. రేపు మీ ఫైలు తెరిచే హెచ్ఆర్‌కు ఉండేదీ అరక్షణమే.