గిడ్డంగి కట్టుటకు ముందే తగవు తీర్చుకొనుడు

సికింద్రాబాదు రెజిమెంటల్ బజారునకు పనిమీద వచ్చు రైతు సోదరులు రైలుస్టేషను చెంతనున్న మెట్రో స్తంభములను చూచియే యుందురు. 2008లో గుత్తకిచ్చిన యా పని, గుత్తదారులు ధనము సమకూర్చుకొనలేకపోవుటచే 2009లో రద్దయ్యెను. 2010లో వేరొక కంపెనీతో నొడంబడిక జరిగెను. పని సాగుచుండగా 2014లో శాసనసభ చెంతను, సుల్తాను బజారునందును దారి మార్పవలెనను మాట పుట్టెను. తుదకు పాత దారియే నిలిచెను. సుల్తాను బజారుమీదుగా పోవు నా మార్గము 2020 ఫిబ్రవరికి గాని తెరువబడలేదు.

అంతటి పనికిని మన సంఘపు గిడ్డంగికిని పోలిక యేమని కొందరు నవ్వవచ్చును. పని నడుమ మార్పు వచ్చుటయే పోలిక. నల్లరేగడి నేల వానకుబ్బి యెండకు బీటలువారును. పునాది త్రవ్వగా నంచనాలో వ్రాసిన లోతున గట్టినేల తగులదు. "ఇంకను లోతునకు పొమ్ము" అని అధ్యక్షులవారు గట్టుమీదనుండి సెలవిత్తురు. కాగితముండదు. బిల్లు వచ్చినప్పుడు "మే మెరుగ" మందురు. గుత్తదారు పని నిలుపును. ఖరీఫు వడ్లు వచ్చునప్పటికి గోడలే గాని కప్పుండదు. తడిసిన బస్తా ఎవరిది? సభ్యునిదే గదా!

కాగితము లేనిచో సొమ్ము చెల్లింపనక్కరలేదనుట వట్టి భ్రమ. ఉచితముగా గాక చేసిన పనివలన లాభము పొందినవారు ప్రతిఫల మీయవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. కావున మార్పు వచ్చిననాడే, దాని వెలను గడువును వ్రాసి యిరువురును చేవ్రాలు చేయవలెను. కాంక్రీటు పోసినపిదప పునాదిలోతు నెవ్వరును కొలువలేరు. పోయకమునుపే కొలిచి కొలతల పుస్తకమున కెక్కింపవలెను. మా యెరుకలో సగము తగవులు ఈ యొక్క పుస్తకము లేమివలననే పుట్టినవి.

ఇక తీర్పరి సంగతి. 1964 నాటి సహకార సంఘముల చట్టములోని 61వ సెక్షను సంఘమునకును సభ్యులకును, ఉద్యోగులకును నడుమ పుట్టు తగవులకే గాని, సభ్యుడుగాని గుత్తదారుతోడి తగవునకు చాలదు. అట్టిదానికి 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టమో, సివిలు కోర్టో దిక్కు. మన కార్యదర్శియే మధ్యవర్తి యని వ్రాసికొన్నచో లాభమని తలచువారు కలరు. అది నిలువదు. పక్షముయొక్క ఉద్యోగి మధ్యవర్తిగా నుండరాదని 2015 నాటి సవరణ నిషేధించినది. రైల్వేవారి యొడంబడికనుగూర్చిన వ్యాజ్యెములో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సర్కారు సంస్థల యొడంబడికలలో నొక పక్షమే మధ్యవర్తిని నియమించు నిబంధన సమత్వమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను.

ఉభయులకును సమ్మతుడైన పొరుగు మండలపు ఇంజనీరు నొకనిని, పునాదిరాయి వేయకమున్నే పేరుతో వ్రాసికొనుట మేలని మా యభిప్రాయము. ఆయన నెలకొకసారి వచ్చి చూచిపోవుటకగు ఖర్చును కొందరు దండుగ యందురు. ఈ వేసవిలో గిడ్డంగి తలపెట్టిన సంఘములవారు ఒడంబడిక చిత్తును సర్వసభ్య సమావేశమున తెలుగున చదివించి, పిదపనే సంతకము చేయుదురుగాక.