తెర ఆపేస్తే పాట వస్తుందా?

పియానో నేర్చుకోవాలన్న కోరిక చాలామందికి చిన్నప్పుడే పుడుతుంది. తీరేది మాత్రం కొందరికే. కొనాలంటే ఖరీదు, పెట్టుకోవాలంటే చోటు, నేర్పేవాళ్లు దొరకాలంటే పెద్ద ఊరు... ఇన్ని కావాలి మరి! ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి లోను ఓ కొలిక్కి వచ్చాక ఆ కోరిక మళ్లీ తలెత్తినా 'ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాంలే' అని సర్దిచెప్పుకునేవాళ్లే ఎక్కువ. అలాంటివారికి ఇంట్లో ఉన్న కంప్యూటరే గురువు కాగలదా? కాగలదు, కొంతవరకు. ఆ 'కొంత' ఎంతో ముందే తెలిస్తే నెలల తరబడి పడ్డ శ్రమ వృథా కాదు.

కంప్యూటరుకీ కీబోర్డుకీ స్నేహం కుదిరింది 1983లో. వేర్వేరు కంపెనీల పరికరాలు మాట్లాడుకోవడానికి 'మిడి' అనే ఉమ్మడి భాష ఆ ఏడాది వచ్చింది. మెట్టు నొక్కగానే తీగలో వెళ్లేది ధ్వని కాదు, కబురు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... ఇదే ఆ కబురు. పియానో నడిమధ్యనుండే 'సి' మెట్టు దాని లెక్కలో 60వ నంబరు. ఈ కబురును పట్టుకునే కంప్యూటర్ తప్పొప్పులు చెబుతుంది. 2006లో 'పియానో హీరో'గా మొదలై, తర్వాత 'సింథీషియా'గా పేరు మార్చుకున్న ప్రోగ్రాంలో రంగురంగుల పట్టీలు తెర మీద పైనుంచి వానలా జారుతుంటాయి. ఏ మెట్టు మీద పడితే అది నొక్కడమే. స్వరలిపి చదవడం రానివాళ్లు కూడా మొదటిరోజే ఏదో ఒక పాట మోగించేస్తారు.

అక్షరాలు టైపు చేసే కీబోర్డుతోనే సరిపెట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. సరదాకైతే సరే. దానికి నొక్కిన బలం తెలియదు. మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే ఒకటో రెండో పలకవు కూడా. అసలు పియానోకి 52 తెల్లవి, 36 నల్లవి, మొత్తం 88 మెట్లు. మొదట్లో 61 మెట్ల కీబోర్డు చాలు. అయితే వేలి బలాన్ని గుర్తించేదై ఉండాలి. నొక్కిన కాసేపటికి ధ్వని వస్తోందంటే తప్పు వేళ్లది కాదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసి వైరున్నది తగిలిస్తే చాలాసార్లు ఆ ఆలస్యం తగ్గుతుంది.

కంప్యూటర్ గురువులో మెచ్చుకోదగ్గ గుణాలున్నాయి. పాత టేప్‌రికార్డర్‌లో వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోయేది. ఇక్కడ వేగాన్ని సగం చేసినా శ్రుతి చెక్కుచెదరదు. ఎడమచెయ్యిని అది వాయిస్తుంటే కుడిచెయ్యి మనం చూసుకోవచ్చు. ఒకే ముక్కను వందసార్లు తిప్పినా విసుక్కోదు.

మరి చిక్కెక్కడ? దానికి మెట్టు తెలుస్తుంది, వేలు తెలియదు. పియానో పాఠాల్లో బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు. 'సి' నుంచి వరుసగా ఎనిమిది తెల్లమెట్లు ఎక్కేటప్పుడు కుడిచెయ్యి ఒకటి, రెండు, మూడు వేళ్లు వాడాక బొటనవేలు కిందినుంచి దూరి నాలుగో మెట్టు అందుకోవాలి. అలా దూర్చకపోతే అయిదు మెట్లకే వేళ్లు అయిపోతాయి! చూపుడువేలితో పొడిచినా స్వరం కుదిరితే తెర మాత్రం 'భేష్' అనేస్తుంది.

రెండోది, 'ఆగే' సదుపాయం. సరైన మెట్టు నొక్కేదాకా పాట ఆగి ఉంటుంది. వెతుక్కోవడానికి బాగానే ఉంటుందిగానీ శ్రుతి తల్లి, లయ తండ్రి అనే సంగీతంలో తండ్రి కాస్తా తప్పిపోతాడు. దాన్ని తీసేసి, నెమ్మదిగానైనా ఆగకుండా వాయించడమే మేలు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. జారే పట్టీలను చూసి నొక్కేవాడికి పాట కంట్లో ఉంటుంది, చెవిలో కాదు. మూడు నెలల్లో పది పాటలు 'వచ్చేసినవాళ్లు' తెర ఆపితే ఒక్క చరణమూ వాయించలేకపోవడం అందుకే.

దీనికి విరుగుడు మన ఇళ్లలోనే ఉంది. నొక్కేముందు పాడుకోవడం. చిన్నప్పుడు సరళీవరుసలు పాడినవాళ్లయితే ఇంకా సులువు. 'సి'ని షడ్జమం అనుకుంటే మాయామాళవగౌళలో రిషభం, ధైవతం నల్లమెట్ల మీద, మిగతావన్నీ తెల్లమెట్ల మీద పడతాయి. తెర వైపు చూడకుండా ఆ రెండు నల్లమెట్లను చెవితో వెతికి పట్టుకోగలిగితే తొలి పాఠం వచ్చినట్టే. మెట్ల మీద గమకాలు పలకవు, అది ఈ వాద్యం హద్దు.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. చివరి అయిదు నిమిషాలూ తెర ఆపేసి, వచ్చిన నాలుగు స్వరాలే వాయించాలి. వాయించింది రికార్డు చేసుకుని వినాలి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫరి ఈ వాద్యాన్ని తయారుచేసిందే మెల్లగానూ గట్టిగానూ పలికించడానికి. 'పియానోఫోర్టే' అన్న పేరుకు అర్థమూ అదే. ఉంగరంవేలి స్వరం పేలవంగా ఉందో లేదో మార్కులు చెప్పవు, చెవి చెబుతుంది. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆపేయాలి. నెలకోసారైనా తెలిసినవాళ్లకు చేతులు చూపించుకోవాలి.

నెల తిరిగేసరికి తెర లేకుండా వచ్చే పాట ఒక్కటే కావచ్చు. ఫర్వాలేదు. కరెంటు పోయినా గుర్తుండే పాట అది!